బోర్డు మీద ‘ప్రభుత్వ గుర్తింపు’ ఉంది, కాగితాల్లో లేదు: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి. నైపుణ్యాభివృద్ధి, ఉపాధి, వైద్య ఆరోగ్య, పోలీసు శాఖల జిల్లా అధికారులకు. లీడ్ బ్యాంకు మేనేజరు గారికి నమస్కారం.

ప్రైవేటు ఉపాధి శిక్షణ సంస్థలు పిల్లల చేత ఫీజులు కట్టించుకుంటున్న తీరు మీద సోమవారం అర్జీల్లో మేం వినతిపత్రం ఇచ్చాం. అది నాలుగు బల్లలు తిరిగింది. బడి కాదు కాబట్టి మా పరిధి కాదని ఒకరు, ఫ్యాక్టరీ కాదు కాబట్టి మాది కాదని ఇంకొకరు, వ్యాపారమే కదా వినియోగదారుల కోర్టుకు వెళ్లండని మరొకరు రాశారు. చివరికి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పరిష్కారం ఏమిటో అందులో లేదు. అందుకే ఈ లేఖను అందరి ముందు పెడుతున్నాం.

మేం ఐటీఐల్లో పాఠాలు చెప్పేవాళ్లం, ఆసుపత్రి ల్యాబుల్లో పనిచేసేవాళ్లం, వర్క్‌షాపుల్లో వెల్డర్లను పరీక్ష పెట్టి తీసుకునేవాళ్లం, వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదులం.

జిల్లాలోని శిక్షణ సంస్థలన్నీ మోసం చేస్తున్నాయని మేం అనడం లేదు. ట్యాలీ, కుట్టుపని, ఏసీ రిపేరు ఏళ్ల తరబడి శ్రద్ధగా నేర్పేవాళ్లున్నారు. ‘పని నేర్పుతాం, ఉద్యోగం నువ్వు వెతుక్కోవాలి’ అని ఉన్నమాట చెప్పే వాళ్ల దగ్గర సగం కుర్చీలు ఖాళీ. ‘జాబ్ గ్యారంటీ’ అని రాసుకున్న పక్క మేడ మీద బ్యాచ్ నిండిపోతోంది. దీన్ని ఇలాగే వదిలేస్తే ముందు మూతపడేది నిజాయతీగా నడిపేవాళ్లే.

1. ‘ప్రభుత్వ గుర్తింపు’ అనే మాట

మాగుంట లేఅవుట్‌లోనో, కావలి ట్రంకు రోడ్డులోనో, ఆత్మకూరు బస్టాండు దగ్గరో ఏ ఫ్లెక్సీ చూసినా ముద్రలు దాదాపు ఒకటే: ఐఎస్‌ఓ 9001, ఎంఎస్‌ఎంఈ, నీతి ఆయోగ్, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ. వీటిలో ఒక్కటి కూడా కోర్సుకు గుర్తింపు కాదు. ఎంఎస్‌ఎంఈ అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఆధార్, పాన్ ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా, తమ వివరాలు తామే ప్రకటించుకుని తెచ్చుకోవచ్చు. టీకొట్టుకూ వస్తుంది. ‘నీతి ఆయోగ్’ అంటున్నది స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే దర్పణ్ పోర్టల్ నంబరు. కార్పొరేట్ మంత్రిత్వ శాఖ పేరు ఉందంటే, ఆ సంస్థ కంపెనీగా రిజిస్టరయిందని మాత్రమే. ఐఎస్‌ఓ 9001 అనేది ఆఫీసు నడిపే పద్ధతికి ప్రైవేటు ఆడిట్ సంస్థలు ఇచ్చేది. అక్కడ చెప్పే పాఠానికీ దానికీ సంబంధం లేదు. వీటి పక్కన మూడు సింహాల ముద్ర వేసుకోవడమైతే 2005 నాటి జాతీయ చిహ్నం దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం నేరం, రెండేళ్ల వరకు జైలు పడొచ్చు.

అసలు గుర్తింపును కనుక్కోవడం కష్టమేమీ కాదు. వృత్తి విద్యకు జాతీయ మండలి, అంటే ఎన్‌సీవీఈటీ, 2020 ఆగస్టు నుంచి పనిచేస్తోంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలనూ పరీక్ష పెట్టే సంస్థలనూ అది విడివిడిగా గుర్తిస్తుంది. గుర్తింపు ఉన్న ప్రతి కోర్సుకూ ఒక కోడు, స్థాయి, శిక్షణ గంటలు జాతీయ అర్హతల రిజిస్టరులో ఉంటాయి. ‘సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు, కోర్సు కోడు ఎంత’ అని అడిగితే నిజమైన సంస్థ అక్కడికక్కడే రాసిస్తుంది. ‘మాది అటానమస్’, ‘సెంట్రల్ గవర్నమెంట్ కిందకు వస్తుంది’ అని నీళ్లు నమిలారంటే ఆ కోడు లేనట్టే. ఐటీఐ ట్రేడుల్లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. మూడు నెలల్లో ‘ఐటీఐతో సమానమైన’ ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ అనేది లేదు. అది ప్రభుత్వ, రైల్వే నోటిఫికేషన్ల దగ్గర ధ్రువపత్రాల పరిశీలనలో చెల్లదు. అప్పటికి ఆ కుర్రాడి వయసు రెండు మూడేళ్లు మీదపడి ఉంటుంది.

2. వంద శాతం ప్లేస్‌మెంట్ అనే లెక్క

ఈ లెక్క ఎలా కుదురుతుందో ఒక ఉదాహరణ చూడండి. బ్యాచ్‌లో 60 మంది చేరారు. 14 మంది మధ్యలో మానేశారు, వాళ్లను తీసేస్తారు. ఫీజు బాకీ ఉన్న 11 మంది ‘ప్లేస్‌మెంట్‌కు అర్హులు కారు’. మాక్ టెస్టులో మార్కులు రాలేదని, హాజరు 90 శాతం లేదని ఇంకో 10 మందిని పక్కన పెడతారు. మిగిలింది 25 మంది. వాళ్లలో 16 మందికి 25 ఆఫర్ లెటర్లు వచ్చాయి, ఎందుకంటే కొందరికి రెండేసి ఉన్నాయి. పాతిక మందికి పాతిక లెటర్లు, వంద శాతం! నిజానికి చేరిన 60 మందిలో లెటరు అందుకున్నది నలుగురిలో ఒకరికి కాస్త ఎక్కువ. ఆ లెటర్లలో ఎన్ని కమీషన్ మీద క్రెడిట్ కార్డులు అమ్మే పనులో, ఎన్ని అదే సంస్థలో రెండు నెలలు ‘కౌన్సెలర్’గా కూర్చోబెట్టినవో ఫ్లెక్సీ చెప్పదు.

జీతం దగ్గరా ఇంతే. ఏడాదికి 2 లక్షల 40 వేల ప్యాకేజీ అనగానే నెలకు 20 వేలు అనుకుంటారు. అందులో 10 శాతం ‘పనితీరు బట్టి’ ఇచ్చేది, అంటే 24 వేలు తీసేయాలి. నెలకు మూలవేతనం 10 వేలు అనుకుంటే యజమాని కట్టే పీఎఫ్ 14,400, గ్రాట్యుటీ పేరుతో ఐదారు వేలు కూడా ప్యాకేజీలోనే కలిపి ఉంటాయి. అబ్బాయి వాటా పీఎఫ్ పోగా చేతికి వచ్చేది 15 వేలు. చెన్నైలో హాస్టలు, తిండికి ఆరేడు వేలు. కోర్సు అప్పు వాయిదా 4 వేలు. ఇంటికి పంపడానికి మిగిలేది ఎంతో తమరే లెక్క చూడండి.

3. ‘వడ్డీ లేని ఈఎంఐ’

మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి తాము అప్పు తీసుకున్నామనే తెలియదు. ఫీజు విడతల్లో కడుతున్నామని అనుకుంటారు. జరిగేది ఇది. కౌన్సెలర్ ట్యాబ్ ముందుకు జరిపి ‘అడ్మిషన్ కోసం ఓటీపీ వస్తుంది, చెప్పండి నాన్నగారూ’ అంటుంది. మొదటి ఓటీపీ ఆధార్‌ది. రెండోది క్రెడిట్ రిపోర్టు చూడటానికి ఒప్పుకోలు. మూడోది రుణ ఒప్పందం మీద సంతకం. నాలుగోది ప్రతి నెలా బ్యాంకు ఖాతా నుంచి డబ్బు లాక్కునే ఈ-మాండేట్. పది నిమిషాల పని. తండ్రి చేతికి వచ్చేది ‘అడ్మిషన్ కన్ఫర్మ్’ అని రాసిన రంగు కాగితం. ఫీజు మొత్తం ఆ వారంలోనే ఫైనాన్స్ కంపెనీ నుంచి సంస్థకు చేరిపోతుంది. ఇక పిల్లవాడు చదివినా మానేసినా, పాఠం చెప్పే మనిషి ఉన్నా లేకపోయినా సంస్థకు పోయేదేమీ లేదు. పాఠాలు మొదటి నెల తర్వాత చల్లబడటానికి అసలు కారణం ఇదే.

వడ్డీ లేదన్న మాటా నిజం కాదు. అదే కోర్సు రొక్కంగా కడితే 60 వేలు, ఈఎంఐలో అయితే 72 వేలు, నెలకు 4 వేల చొప్పున 18 నెలలు అనుకోండి. లెక్క వేస్తే అది నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఊళ్లో వడ్డీ వ్యాపారి ధర అది. ఆ 72 వేలు రైతు ఇంట్లో ఎంత బరువో కూడా చెప్పాలి. 2024-25లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి పుట్టికి 19,720. అంటే ఫీజు మూడున్నర పుట్ల పైమాటే. పెట్టుబడి, కౌలు తీయకముందు ఇంచుమించు ఒక ఎకరా పంట. ఉదయగిరి మెట్ట మండలాల్లో వరి పండించని వాళ్లు బంగారం కుదువ పెట్టి కడుతున్నారు.

వాయిదా తప్పితే బ్యాంకు బౌన్సు ఛార్జీ, ఫైనాన్స్ కంపెనీ జరిమానా, ఆపై క్రెడిట్ స్కోరు దెబ్బతినడం. రేపు పంట రుణానికో, ఇంటి రుణానికో వెళ్లినప్పుడు ఈ బాకీ అడ్డొస్తుంది. రిజర్వు బ్యాంకు 2025 మేలో ఇచ్చిన డిజిటల్ రుణాల ఆదేశాల ప్రకారం, రుణం మొత్తం ఖర్చును ఒకే చోట చూపే ముఖ్య వివరాల పత్రం ముందే ఇవ్వాలి. కనీసం ఒక రోజు ఆలోచించుకునే గడువు ఉండాలి. ఆ గడువులో అసలూ, ఆ కొద్ది రోజుల వడ్డీ భాగమూ తిరిగి కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఈ పత్రాన్ని తెలుగులో చదివి వినిపించిన సంస్థ మాకు ఎదురుపడలేదు.

4. ఒరిజినల్ సర్టిఫికెట్లు

పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ ‘వెరిఫికేషన్ కోసం’ తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు. మానేస్తానంటే మిగతా ఫీజు కడితేనే ఇస్తామంటారు. వాటిని తాకట్టుగా ఉంచుకునే హక్కు వీళ్లకు లేదు. డిగ్రీ కౌన్సెలింగ్ తేదీ దాటిపోయాక సర్టిఫికెట్లు చేతికొస్తే ఆ ఏడాది పోయినట్టే.

5. ఆసుపత్రి కోర్సులు

ఇక్కడ నష్టం ఫీజు కట్టిన వాళ్లతో ఆగదు, మంచం మీద ఉన్న రోగి దాకా పోతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం.

‘ఆరు నెలల నర్సింగ్’ అని బోర్డులున్నాయి. ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఆ తర్వాత రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. ఇవి కాకుండా నర్సు అయ్యే దారి లేదు. ఆరు నెలల్లో నేర్పగలిగేది రోగికి సహాయకురాలి పని: పక్క మార్చడం, స్నానం చేయించడం, తినిపించడం, బీపీ చూడటం. అది గౌరవమైన పనే, అవసరమైన పనే. ఆ పేరుతోనే చెప్పి నేర్పితే మాకు అభ్యంతరం లేదు. ఫ్లెక్సీ మీద తెల్లకోటు, స్టెతస్కోపు వేసి నర్సు అని చెబుతున్నారు. ఆ పిల్లలు చిన్న నర్సింగ్ హోముల్లో తక్కువ జీతానికి చేరి రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఏదైనా జరిగితే కేసు ఆ అమ్మాయి మీద.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సూ అంతే. ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా, అంటే డీఎంఎల్‌టీ, రెండేళ్లు, రాష్ట్ర పారామెడికల్ బోర్డు కింద. పొట్టి కోర్సుల్లో నలభై మందికి ఒక మైక్రోస్కోపు, రక్తం తీయడం బొమ్మ చేతి మీద పది నిమిషాలు. రక్తం తీయడంలో కనపడని తప్పులు ఎన్నో ఉంటాయి. గడ్డకట్టే పరీక్షకు వాడే నీలం మూత ట్యూబులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాలి. గీత దాకా నింపకపోతే రక్తం ఆలస్యంగా గడ్డకడుతున్నట్టు తప్పు రిపోర్టు వస్తుంది. దాన్ని చూసి ఆపరేషన్ వాయిదా వేస్తారు, లేదా రక్తం పలచబడే మందు మోతాదు మారుస్తారు. ఊదా మూత ట్యూబులో పొటాషియం ఉప్పు రూపంలో ఈడీటీఏ ఉంటుంది. పక్క ట్యూబులో రక్తం చాల్లేదని దాంట్లోంచి నాలుగు చుక్కలు ఒంపితే పొటాషియం లేనిపోని ఎక్కువ, కాల్షియం తక్కువ చూపిస్తుంది. కిడ్నీ రోగికి అలాంటి రిపోర్టు వస్తే డాక్టరు దేనికి వైద్యం చేయాలి? మంచి టెక్నీషియన్ ఆ అంకె చూడగానే అనుమానించి మళ్లీ శాంపిల్ తీస్తాడు. ఆ అనుమానం రావడానికే రెండేళ్లు పడుతుంది.

6. పోర్టు పేరుతో, ఓడ పేరుతో

కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ కేంద్రం ఉన్నాయి కాబట్టి ముత్తుకూరు, వెంకటాచలం వైపు పిల్లలకు ఈ ఆశ చూపడం తేలిక. ‘6జి వెల్డింగ్, 21 రోజులు’ అని కరపత్రాలు పంచుతున్నారు. 6జి అంటే పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ వెల్డ్ చేయడం. వెల్డరు పైనా, పక్కనా, కిందా చేయి తిప్పుకుంటూ పోవాలి. ఆ జాయింటును ముక్కలు కోసి వంచి చూడాలి, లేదా ఎక్స్‌రే తీయాలి. లోపల బుడగ, స్లాగు (ఇరుక్కున్న తెట్టు), కలవని చోటు బయటపడితే ఫెయిలు. కింద పరిచిన ప్లేటు మీద కూడా రూటు, అంటే జాయింటు అడుగున వేసే మొదటి పొర, సరిగా పట్టని కుర్రాడికి మూడు వారాల్లో 6జి రాదు. రాడ్లకు ఖర్చవుతుందని రోజుకు నాలుగైదు రాడ్లే ఇచ్చే చోట అసలే రాదు. కాంట్రాక్టర్లు సర్టిఫికెట్ చూడరు, పైపు ముక్క చేతికిస్తారు. మొదటి గంటలోనే తేలిపోతుంది.

ఓడ ఉద్యోగాలదీ ఇదే కథ. ఓడలో కింది స్థాయి సిబ్బందిగా చేరడానికి చేసే జీపీ రేటింగ్ ఆరు నెలల రెసిడెన్షియల్ కోర్సు. షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ఆమోదించిన సంస్థల్లోనే చెల్లుతుంది. ఆ జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. జాబితాలో పేరు లేని చోట లక్షలు పోసినా ఓడెక్కడానికి కావలసిన నావికుడి గుర్తింపు పుస్తకం, అంటే సీడీసీ, రాదు. గల్ఫ్ పంపిస్తామనే శిక్షణ సంస్థలు కూడా విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరయిన ఏజెంటు నంబరు చూపించాలి. ఆ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగల గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ.

7. లేని అనుభవం పెట్టించడం

సాఫ్ట్‌వేర్, మెడికల్ కోడింగ్ కోర్సుల్లో ‘రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం’ అని విడిగా డబ్బు తీసుకుని దొంగ జీతపు చీటీలు, రిలీవింగ్ లెటరు ఇస్తున్నారు. కంపెనీలు ఇప్పుడు పీఎఫ్ ఖాతా సర్వీసు చరిత్ర, పన్ను స్టేట్‌మెంటు చూస్తాయి. అక్కడ ఆ రెండేళ్లు ఉండవు. చేరిన మూడో నెలలోనో ఆరో నెలలోనో తీసేస్తారు. నకిలీ పత్రం వాడింది అభ్యర్థి కాబట్టి చట్టం ముందు దోషి అతనే. తయారు చేసిచ్చినవాడు ఎక్కడా కనపడడు. మెడికల్ కోడింగ్ అంటే రోగి రికార్డుల్లోని జబ్బులు, చికిత్సలను బిల్లుల కోసం కోడ్లుగా రాసే పని. అందులో కంపెనీలు విలువ ఇచ్చే సీపీసీ పరీక్షను ఏఏపీసీ అనే అమెరికా సంస్థ పెడుతుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం రావాలి. శిక్షణ సంస్థ తానే అచ్చేసి ఇచ్చే సర్టిఫికెట్ దానికి బదులు కాదు.

8. ‘వినియోగదారుల కోర్టుకు వెళ్లండి’ అనే జవాబు ఎందుకు చాలదు

2020 జనవరి 20న జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక తీర్పులో, వృత్తి కోర్సులతో సహా విద్య నేర్పే సంస్థలు వినియోగదారుల చట్టం కిందకు రావని, కోచింగ్ సంస్థలు మాత్రం వస్తాయని చెప్పింది. ఇక ఈ సంస్థలు పట్టుకున్న దారి చూడండి. అడ్మిషన్ల దాకా ‘కోచింగ్ ప్లస్ జాబ్’. కమిషన్ మెట్లెక్కగానే ‘మాది వృత్తి విద్యా సంస్థ, ఈ కేసు చెల్లదు’. ఆ వాదనను ఎదుర్కొనేసరికి నెలలు గడుస్తాయి. వాయిదాకు ఉదయగిరి నుంచి నెల్లూరు రావాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ. ఫిర్యాదుకు రెండేళ్ల గడువూ ఉంది.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగ గ్యారంటీ ప్రకటనలు, రాతపూర్వక అనుమతి లేకుండా విద్యార్థుల ఫొటోలు, ‘ఈ రోజు సాయంత్రంలోపు కడితేనే సీటు’ అనే తొందర అన్నీ నిషిద్ధం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. ఢిల్లీలో ఆ అధికారం ఉంది. మన ఊరి ఫ్లెక్సీని ఫొటో తీసి అక్కడికి పంపే బాధ్యత జిల్లాలో ఎవరికీ లేదు. మా వినతిపత్రం నాలుగు బల్లలు తిరగడానికి కారణం ఇదే.

అందుకే తమరిని అడుగుతున్నాం:

1. ఈ విషయానికి జిల్లాలో ఒక్క అధికారిని బాధ్యుడిగా ఉత్తర్వు ఇవ్వండి. ఫోన్ నంబరుతో సహా ప్రకటించండి.

2. మార్చి నెలాఖరులోగా జిల్లాలోని శిక్షణ సంస్థలన్నిటి వివరాలు సేకరించి జిల్లా వెబ్‌సైట్‌లో, గ్రామ, వార్డు సచివాలయాల నోటీసు బోర్డుల్లో పెట్టండి: కోర్సు పేరు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ, కోర్సు కోడు, వ్యవధి, మొత్తం ఫీజు. గుర్తింపు లేని కోర్సు ఎదురుగా ‘గుర్తింపు లేదు’ అనే రాయండి. మూసేయమని మేం అడగడం లేదు, తెలిసి చేరితే చాలు.

3. అవే వివరాలు సంస్థ గుమ్మం దగ్గర తెలుగులో, ఫ్లెక్సీ మీద ‘ప్లేస్‌మెంట్’ అన్న అక్షరాలంత సైజులో ఉండాలి. ప్లేస్‌మెంట్ అని రాస్తే చేరినవారు ఎందరు, ఆరు నెలల తర్వాత కూడా ఉద్యోగంలో ఉన్నవారు ఎందరు అనే రెండు అంకెలు తప్పనిసరి చేయండి.

4. అట్టిపెట్టుకున్న ఒరిజినల్స్ 15 రోజుల్లో తిరిగి ఇమ్మని ప్రకటన ఇవ్వండి. ఇవ్వనివారిపై ఫిర్యాదు వస్తే స్టేషన్‌లో ‘ఇది సివిల్ విషయం’ అని పంపేయకుండా తీసుకోమని ఎస్పీ గారు ఆదేశించాలి. ఉద్యోగం ఇప్పిస్తామని అబద్ధం చెప్పి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసమే.

5. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి తగ్గ ఫీజు 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అదే పద్ధతి వీటికీ వర్తింపజేయమని రాష్ట్ర ప్రభుత్వానికి ప్రతిపాదన పంపండి.

6. తమ అధ్యక్షతన మూడు నెలలకోసారి జరిగే జిల్లా బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీలో ఈ కోర్సు రుణాలను ఎజెండాలో చేర్చండి. తెలుగులో ముఖ్య వివరాల పత్రం ఇవ్వకుండా ఓటీపీలు తీసుకున్న ఉదంతాలను రిజర్వు బ్యాంకుకు నివేదించమని లీడ్ బ్యాంకు మేనేజరు గారిని కోరండి. అప్పులో ఉన్నవారికి రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్ (ఫిర్యాదుల అధికారి) నంబరు 14448, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఉచిత న్యాయ సహాయం 15100 సచివాలయాల్లో రాసి పెట్టించండి.

7. ప్రైవేటు ఆసుపత్రులను, ల్యాబులను రిజిస్టరు చేసేది జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) గారి కార్యాలయమే. తనిఖీకి వెళ్లినప్పుడు గదులు, మంచాలతో పాటు సూది పట్టుకున్న మనిషి రిజిస్ట్రేషన్ నంబరు కూడా చూడాలి.

8. ప్రభుత్వ ఐటీఐల్లో సీట్లు, ఉచిత శిక్షణ పథకాల బ్యాచ్ తేదీలు ఇంటర్ ఫలితాల కంటే ముందే ఊళ్లలో దండోరా వేయించండి. ఫలితాలు వచ్చిన సాయంత్రానికే ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. ప్రభుత్వ కబురు జూన్‌లో వస్తే అప్పటికి ఓటీపీలు చెప్పేసి ఉంటారు.

మా దగ్గరున్న ఫ్లెక్సీల ఫొటోలు, రసీదులు, రుణ ఒప్పందాల నకళ్లు బాధితుల అనుమతితో ఏ రోజు పిలిస్తే ఆ రోజు తెచ్చి ఇస్తాం. ఈసారి జవాబు మెసేజ్ రూపంలో కాకుండా, ఏ అధికారి, ఏ పని, ఏ తేదీలోపు చేస్తారో రాతపూర్వకంగా ఇప్పించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
ఐటీఐ బోధకులు, ల్యాబ్ టెక్నీషియన్లు, వర్క్‌షాపు నిర్వాహకులు, న్యాయవాదులు
నెల్లూరు, కావలి, ఆత్మకూరు, ముత్తుకూరు